చిన్నోడు బడిలో నోరు విప్పడం లేదు, ఏం చేయాలి?

అందరికీ నమస్తే. మాది మిర్యాలగూడ. మా పెద్దబిడ్డ జ్వరంతో పోయింది. వాడపల్లిలో, కృష్ణలో మూసీ కలిసే చోట, అస్థికలు కలిపి నెల తిరగకముందే కెనడా వచ్చేశాం. పీఆర్ (శాశ్వత నివాసం) కాగితాల గడువు దాటితే చెల్లవు, ఆగే వీల్లేకపోయింది. ఇప్పుడు బ్రాంప్టన్‌లో ఉంటున్నాం.

ఇంట్లో అక్క ముచ్చట్లే చెప్పే ఎనిమిదేళ్ల చిన్నోడు బడిలో అసలు మాట్లాడడట. ఇంగ్లీషు రాకనేమో అని టీచర్ అంటోంది. అది కాదు, ఇంగ్లీషు వాడికి బాగానే వచ్చు. తోబుట్టువులు ఎంతమందని ఎవరో అడిగారట, అప్పటి నుంచే ఇలా. అక్క సంగతి టీచరుకు మేమే చెప్పాలా, వాణ్ని అడిగి చెప్పాలా?

ఇక్కడి సహాయ నంబరు 211కు ఫోన్ చేస్తే మన భాషలో సాయం అందుతుందని విన్నాం. అలా తెలుగు కౌన్సెలర్ దొరికినవాళ్లు ఉన్నారా?

ఇంకొకటి. ఏడాది దాకా మాకు పండుగల్లేవు. వాడేమో అక్క కోసం బతుకమ్మ పేర్చమంటున్నాడు. పెద్దలు చెప్పండి, పేర్చవచ్చా?