రెండు పక్క పట్టణాలు కలిసి చిన్న వ్యాపారాలకు పర్యావరణ సాయం చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: పచ్చదారి

అందరికీ నమస్కారం. నేను మున్సిపాలిటీలో పర్యావరణ విభాగంలో పనిచేస్తున్నాను. మా విభాగంలో ముగ్గురమే. పక్క పట్టణంలో ఇదే పని చూసేవాళ్లు ఇద్దరు. రెండు పట్టణాల మధ్య హద్దు ఒక రోడ్డు, అంతే. రోడ్డుకి ఇటు ఉన్న ప్రింటింగ్ ప్రెస్ మా కిందకి వస్తుంది, ఎదురుగా ఉన్న మెకానిక్ షెడ్ వాళ్ల కిందకి వస్తుంది. కరెంటు, నీళ్లు ఆదా చేసుకోవడానికి, చెత్త తగ్గించుకోవడానికి, రసాయనాలు సరిగ్గా వదిలించుకోవడానికి చిన్న వ్యాపారులకు సాయం చేసే పథకం ఒకటి ఇద్దరం కలిసి నడపాలని అనుకుంటున్నాం.

నా భయం ఏంటో ముందే చెప్తాను. నాలుగేళ్ల క్రితం మేం ఒక్కళ్లమే ఇలాంటిది పెట్టాం. ఫారం ఇచ్చాం, నింపినవాళ్లకి స్టిక్కర్ ఇచ్చాం. రెండేళ్ల తర్వాత వేరే పని మీద ఒక షాపుకి వెళ్తే అద్దం మీద మా స్టిక్కర్ అలాగే ఉంది. లోపల పాత ట్యూబులే వెలుగుతున్నాయి, ఖాళీ థిన్నర్ డబ్బాలు మామూలు చెత్తబుట్టలో ఉన్నాయి. ఆ యజమానిని ఏమీ అనలేను. మేం నింపమన్నాం, ఆయన నింపారు. ఆ తర్వాత ఆ గుమ్మం తొక్కింది మాలో ఎవరూ లేరు. ఆ రోజు ఆఫీసుకి తిరిగొచ్చాక చాలాసేపు ఏ పనీ చేయబుద్ధి కాలేదు.

ఈసారి అలా జరగకూడదు. ఇద్దరం కలిస్తే ఏది ఉమ్మడిగా పెట్టుకోవాలి, ఏది ఎవరిది వాళ్లు చూసుకోవాలి? మున్సిపాలిటీ వాళ్లు అనగానే జరిమానా రాస్తారేమో అని షాపుల వాళ్లు తలుపు దగ్గరే ఆపేస్తారు. దానికి ఏం చేయాలి? చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

జవాబు: మీటర్ చూసేవాడు

అమ్మా, నేను పదిహేనేళ్లుగా చిన్న వ్యాపారాలకు ఎనర్జీ ఆడిట్లు, అంటే కరెంటు ఎక్కడ వృథా అవుతుందో చూసి చెప్పే పని, చేస్తున్నాను. మీ స్టిక్కర్ సంగతి చదివితే బాధేసింది, ఎందుకంటే అలాంటి స్టిక్కర్లు నేనూ చాలా చూశాను.

మీరు ముందు ఉమ్మడిగా పెట్టుకోవాల్సింది షాపుకి వెళ్లే మనిషిని. లోగో, వెబ్‌సైట్ తర్వాత. మూడు ప్లస్ రెండు, మొత్తం ఐదుగురిలో ఒకరిద్దరికి వేరే ఫైళ్లేవీ ఇవ్వకుండా ఈ పనే అప్పగించండి. రెండు పట్టణాల్లోనూ వాళ్లే తిరగాలి. ఒక్క మనిషి వంద షాపులు తిరిగితే నూట ఒకటో షాపులో అడుగుపెట్టగానే ఎక్కడ చూడాలో తెలిసిపోతుంది. ఇద్దరు మనుషులు చెరో పట్టణంలో ఖాళీ దొరికినప్పుడు తిరిగితే ఆ నేర్పు ఎవరికీ రాదు. మీలాంటి చిన్న ఆఫీసులు కలవడంలో అసలు లాభం ఇదే అని నా నమ్మకం.

ఆ మనిషి ఏం చూడాలో కూడా చెప్తాను. సాయంత్రం షాపు మూసేటప్పుడు మీటర్ రీడింగ్ రాసుకోమనండి, పొద్దున్న తెరవగానే మళ్లీ రాసుకోమనండి. ఎవరూ లేని రాత్రి ఎన్ని యూనిట్లు తిరిగిందో యజమానికే కనిపిస్తుంది. నేను చెప్పే పది మాటల కంటే ఆ రెండు అంకెలు ఎక్కువ పనిచేశాయి. ఫ్రిజ్ ఉన్నచోట తలుపుకీ ఫ్రిజ్ అంచుకీ మధ్య ఒక కాగితం పెట్టి మూయండి, మెల్లగా లాగండి. పట్టు లేకుండా జారి వచ్చేస్తే రబ్బరు పోయిందని అర్థం. అలాగే నాలుగు వైపులా చూడాలి, ఎక్కువగా కింది మూల దగ్గర పోతుంది. వెనక వేడిని బయటికి వదిలే గొట్టాల (కండెన్సర్ కాయిల్) మీద దుమ్ము పేరుకుంటే కంప్రెసర్‌కి విశ్రాంతి ఉండదు. బ్రష్‌తో దులిపితే చాలు.

మెకానిక్ షెడ్లలో, ప్రెస్సుల్లో గాలి కంప్రెసర్ ఉంటుంది. పని ఆపేసి, మెషీన్లన్నీ కట్టేసి, ఒక నిమిషం ఎవరూ మాట్లాడకుండా నిలబడమని చెప్తాను. బుస్సుమని చప్పుడు ఎక్కడో వినిపిస్తుంది. అక్కడ జాయింటు మీద సబ్బు నీళ్లు రాస్తే బుడగలు లేస్తాయి. సరిగ్గా చూసుకోని చోట్ల కంప్రెసర్ నింపే గాలిలో 20 నుంచి 30 శాతం ఇలాగే పోతుంది. ఒక షెడ్‌లో కుర్రాడు ఆ బుడగలు చూసి, నేను చెప్పకముందే మిగతా పైపులన్నిటికీ తనే సబ్బు నీళ్లు రాసి చూశాడు. నాలుగు చోట్ల దొరికాయి. మళ్లీ ఏడాదికి వెళ్తే సబ్బు నీళ్ల సీసా గోడకి వేలాడుతోంది.

జవాబు: లాండ్రీ నాన్న

నేను వ్యాపారి వైపు నుంచి చెప్తాను. నాది డ్రైక్లీనింగ్. ఇలాంటి పథకం వాళ్లు మొదటిసారి వచ్చినప్పుడు నేను తలుపు తీయలేదు. బట్టలు శుభ్రం చేయడానికి పెర్క్ అనే రసాయనం వాడే మెషీన్ ఉంది, దాని అడుగున మిగిలే మడ్డి డబ్బాల్లో పేరుకుపోయి ఉంది, ఎక్కడ పారేయాలో తెలియదు. అడిగితే పట్టుబడతానని భయం. అదండీ అసలు సంగతి. నిర్లక్ష్యం అనుకుంటారు గానీ భయమే ఎక్కువ.

తర్వాత వచ్చినావిడ ఒక కాగితం చూపించారు. తను చూసినవి ఏవీ తనిఖీ విభాగానికి వెళ్లవని, మనుషుల ప్రాణానికి వెంటనే ప్రమాదం ఉంటే తప్ప, అని రాసి సంతకం ఉంది. దాన్ని చదివాకే లోపలికి రానిచ్చాను. ఆవిడ వాసన చూసి, మెషీన్ తలుపు చుట్టూ గాలి బయటికి రాకుండా ఉండే గాస్కెట్ పగిలిందని అప్పుడే చెప్పారు. రోజూ ఆ గాలి పీల్చేది నేనూ, మా పనివాళ్లే కదా. మడ్డి డబ్బాలు ఎవరు తీసుకెళ్తారో ఫోన్ చేసి కనుక్కుని, వాళ్లు వచ్చిన రోజు పక్కనే నిలబడ్డారు. ఇప్పుడు ఎక్కువ బట్టలు నీళ్లతో, ప్రత్యేకమైన మెషీన్‌లో శుభ్రం చేస్తున్నాను. కాలిఫోర్నియాలో 2023 నుంచి డ్రైక్లీనింగ్‌లో పెర్క్ వాడకమే పూర్తిగా ఆపేశారు. ముందే మారినందుకు నాకు సంతోషంగా ఉంది.

కాబట్టి సాయం చేసే మనిషి వేరు, జరిమానా రాసే మనిషి వేరు అని రెండు పట్టణాలూ రాసి ఇవ్వండి. నోటిమాట చాలదు.

జవాబు: ఒప్పందాల గుమాస్తా

పైన ఇద్దరూ చెప్పింది నిజం. నేను ఆఫీసు వైపు సంగతి చెప్తాను, ఎందుకంటే ఇలాంటివి ఎక్కువగా ఇక్కడే ఆగిపోతాయి.

ఇది కొత్త ఆలోచన కాదు, ధైర్యంగా ఉండండి. ఆస్ట్రియాలో గ్రాజ్ నగరం 1991లో ఎకోప్రాఫిట్ అని మొదలుపెట్టింది. కొన్ని కంపెనీలని ఒక జట్టుగా కూర్చోబెట్టి వర్క్‌షాపులు పెట్టడం, నిపుణులు ఒక్కో చోటికీ వెళ్లి చూడడం, చివర్లో పరీక్షించి గుర్తింపు ఇవ్వడం దాని పద్ధతి. దాన్ని తర్వాత మ్యూనిక్ లాంటి జర్మన్ నగరాలు కూడా తీసుకున్నాయి. అమెరికాలో సియాటిల్ చుట్టుపక్కల ఎన్విరోస్టార్స్ అనేది 1990ల్లో కింగ్ కౌంటీలో ప్రమాదకర వ్యర్థాల పనిగా మొదలైంది. 2017లో దాన్ని చాలా నగరాలు, కౌంటీలు కలిసి నడిపే ప్రాంతీయ పథకంగా మార్చారు. వ్యాపారి ఏ ఊరివాడైనా ఒకే చోట దరఖాస్తు పెట్టుకునేలా చేశారు. నార్వేలో క్రిస్టియాన్‌సాండ్ పట్టణంలో పుట్టిన ఎకో లైట్‌హౌస్ దేశమంతా పాకింది. అక్కడ సర్టిఫికెట్ మూడేళ్లకే చెల్లుతుంది, ఆ తర్వాత మళ్లీ వచ్చి చూస్తారు. మీ స్టిక్కర్ సమస్యకి ఇదే మందు. స్టిక్కర్ మీద సంవత్సరం పెద్ద అంకెల్లో వేయండి.

ఇక ఒప్పందం. జీతం ఏ పట్టణం ఇస్తుంది, రెండోది తన వాటా ఎప్పుడు కడుతుంది అనేది మొదటి పేజీలోనే ఉండాలి. వాటాని జనాభా లెక్కన కడితే చిన్న పట్టణానికి అన్యాయం అనిపించొచ్చు. చేసిన విజిట్ల లెక్కన కడితే ఎవరికీ పేచీ ఉండదు. రెండు చోట్లా చెత్త ఎత్తే కాంట్రాక్టులు, నియమాలు వేరుగా ఉంటాయి. అవి కలపడానికి కూర్చుంటే ఏళ్లు పడుతుంది, ఆ జోలికి వెళ్లకండి. ఫారం ఒకటి, ఫోన్ నంబరు ఒకటి, చెక్‌లిస్టు ఒకటి. తనిఖీ, జరిమానా ఎవరివి వాళ్లవే.

జవాబు: మీటర్ చూసేవాడు

ఒకటి మర్చిపోయాను. ట్యూబులు మార్చమని చెప్పే ముందు, తీసేసిన ట్యూబులు ఎక్కడికి వెళ్లాలో చూసుకోండి. పాత 36 వాట్ల ట్యూబు, చోక్‌తో కలిపి 45 వాట్ల దాకా తీసుకుంటుంది. దాని చోట 18 వాట్ల ఎల్‌ఈడీ సరిపోతుంది, కాబట్టి మార్చాల్సిందే. కానీ పాత ట్యూబులో పాదరసం ఉంటుంది, పగలకొట్టి చెత్తలో వేయకూడదు. మేం ఒకసారి చాలా షాపుల్లో లైట్లు మార్పించాం. నెల తర్వాత ఒక షాపు వెనక గోడకి పాత ట్యూబులు కట్టలు కట్టి ఆనించి ఉన్నాయి. ఒక కట్ట పడి పగిలిపోయింది. ఆ తప్పు నాదే, చెప్పకుండా వచ్చేశాను.

మీ రెండింట్లో ఏదో ఒక పట్టణంలో ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే డిపో ఉంటుంది కదా. దాన్ని రెండో పట్టణం షాపులకి కూడా తెరిపించండి. నెలకి ఒక రోజు చాలు.

పచ్చదారి:

అందరికీ చేతులెత్తి దండం. డిపో మా దగ్గరే ఉంది, పక్క పట్టణంలో లేదు. నాలుగేళ్లుగా ఆ మెకానిక్ షెడ్ వాళ్లు రోడ్డు దాటి మా డిపోకి వస్తే, మీరు మా పరిధి కాదు అని మేమే వెనక్కి పంపిస్తున్నాం. ఇది చదివేదాకా అందులో తప్పుందని నాకు తోచలేదు.

సోమవారం పక్క పట్టణం వాళ్లతో మీటింగ్ ఉంది. డిపో సంగతే మొదట మాట్లాడతాను. లాండ్రీ నాన్నగారూ, ఆ సంతకం కాగితంలో ఏ మాటలు ఉన్నాయో గుర్తుంటే రాయగలరా? ప్రాణానికి ప్రమాదం అన్నదాన్ని ఎలా రాశారో చూడాలని ఉంది. మా లీగల్ వాళ్లు ముందు అదే అడుగుతారు.

లాండ్రీ నాన్న:

కాగితం ఇంకా కౌంటర్ సొరుగులోనే ఉందమ్మా. రేపు షాపు తెరవగానే తీసి ఉన్నది ఉన్నట్టు టైపు చేస్తాను.