ఇంటర్నెట్ ఫోను కంపెనీ అమ్ముడుపోతే నంబరు ఏమవుతుంది?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. డాలస్‌లో ఉన్న మా అమ్మాయి అక్కడి నంబరుతో ఇంటర్నెట్ ఫోను పెట్టె పంపింది. ఏడేళ్లుగా రోజూ అన్నం తిన్నాక అందులోనే మాట్లాడుకుంటున్నాం. ఇప్పుడు ఆ కంపెనీని వేరొకరు కొంటున్నారట. ఏడాది చందా ముందే కట్టాం. మనవడికి కంఠతా వచ్చిన నంబరు అదొక్కటే. పోతుందా?

జవాబు (నల్గొండ): యజమాని మారినంత మాత్రాన పోదండీ. 2022లో వొనేజ్ అనే ఇంటర్నెట్ ఫోను కంపెనీని స్వీడన్ టెలికాం సంస్థ ఎరిక్సన్ కొన్నా సేవ ఆగలేదు. అయితే 2011లో స్కైప్‌ను కొన్న మైక్రోసాఫ్ట్ 2025 మే 5న దాన్ని మూసేసింది. అమెరికా నంబరును వేరే కంపెనీకి మార్చుకోవచ్చు. మారేదాకా పాత ఖాతాను మాత్రం రద్దు చేయకండి!

జవాబు (మహబూబ్‌నగర్): కంపెనీ తన వాటాలు (షేర్లు) అమ్ముతామంటే తొందరపడి కొనకండి. 2006లో వొనేజ్ చందాదారులకూ ఒక్కోటి 17 డాలర్లకు వాటాలిచ్చింది. తొలిరోజే ధర పడింది.

ప్రశ్న అడిగినవారు: ఖాతా అమ్మాయి పేరు మీదే ఉంది. ఈ రాత్రే చెబుతాను.