స్వలింగ వివాహానికి చట్టబద్ధత: అభ్యంతరం మతానిదా, రాజ్యానిదా?

రాజ్యాంగప్రియ:
స్వలింగ వివాహాల ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ మతం, రాజ్యం కలగాపులగమైపోతున్నాయి కనుక ఈ చర్చను విడిగా మొదలుపెడుతున్నాను. నెదర్లాండ్స్ 2001లో ఈ వివాహాలను మొట్టమొదటగా చట్టబద్ధం చేసింది. తరువాత బెల్జియం, స్పెయిన్, కెనడా, దక్షిణాఫ్రికా అదే దారి పట్టాయి. ఐర్లాండ్ 2015లో ప్రజలనే అడిగితే సుమారు 62 శాతం మంది ఒప్పుకున్నారు. మన సుప్రీంకోర్టు మాత్రం 2023 అక్టోబరు 17న, వివాహం చేసుకోవడం ప్రాథమిక హక్కు కాదని, మార్పు తేవలసింది చట్టసభేనని చెప్పింది. నా అభిప్రాయం ఇది: రిజిస్ట్రారు ముందు పెట్టే సంతకం వేరు, దైవసన్నిధిలో జరిగే క్రతువు వేరు. మతపరమైన అభ్యంతరం రెండోదానికే వర్తిస్తుంది, మొదటిదానికి కాదు.

పూర్వపక్షం:
రాజ్యాంగప్రియ గారూ, ఒక్క వాక్యంతో తేలిపోయే విషయం కాదండీ ఇది. వివాహమన్న మాటను రాజ్యం పుట్టించలేదు. హిందువులకు అది సంస్కారం. కాథలిక్కులకు ఏడు దివ్య సంస్కారాలలో ఒకటి. ముస్లిములకు ఒప్పందమే అయినా, దైవాజ్ఞకు లోబడిన ఒప్పందం. రాజ్యం ఆ మాటను మతం దగ్గర అరువు తెచ్చుకుంది. అరువు తెచ్చుకున్న వస్తువు రూపు మార్చి, ఇకమీదట ఇదే అసలుదంటే ఇచ్చినవాడు ఎలా ఒప్పుకుంటాడు? ఆస్తి హక్కు, పింఛను, వారసత్వం అన్నీ ఇవ్వండి, నేను అడ్డు చెప్పను. డెన్మార్క్ 1989లో ఇచ్చినట్టు ‘నమోదిత భాగస్వామ్యం’ అన్న పేరుతో ఇవ్వండి. పేరు మార్చకుండా ఇస్తే, రేపు ఏ పూజారినో పాస్టరునో పెళ్ళి జరిపించి తీరాలని చట్టం నిర్బంధించదన్న హామీ ఎక్కడుంది?

రాజ్యాంగప్రియ:
హామీ చట్టంలోనే రాయవచ్చు, రాసిన దేశాలున్నాయి. ఇంగ్లండు 2013లో చట్టం చేసినప్పుడు, ఏ మత సంస్థనూ ఈ వివాహాలు జరిపించమని బలవంతపెట్టరాదని అందులోనే రాసుకుంది. చర్చ్ ఆఫ్ ఇంగ్లండుకైతే మరింత గట్టి రక్షణ కల్పించింది. డెన్మార్క్ 2012లో తన జాతీయ చర్చిలో ఈ వివాహాలను అనుమతించినా, ఇష్టం లేని పాస్టరు వ్యక్తిగతంగా తప్పుకోవచ్చునని చెప్పింది. దక్షిణాఫ్రికా 2006లో ప్రభుత్వ అధికారికి సైతం మనస్సాక్షి పేరుతో తిరస్కరించే వీలు ఇచ్చి, 2020లో దాన్ని తొలగించింది.

పూర్వపక్షం:
‘తొలగించింది’ అని మీరే రాశారు. నేను అడుగుతున్నదీ అదే. ఒక ప్రభుత్వం రాసిన హామీని మరో ప్రభుత్వం కొట్టివేయగలిగినప్పుడు దాన్ని నమ్ముకొని ఎవరు కూర్చుంటారు? అమెరికాలోని కెంటకీలో కిమ్ డేవిస్ అనే కౌంటీ క్లర్కు, తన విశ్వాసం ఒప్పుకోక వివాహ అనుమతి పత్రాలు ఇవ్వనన్నందుకు 2015లో జైలుకు వెళ్ళింది.

రాజ్యాంగప్రియ:
ఆమె పూజారి కాదండీ, ప్రజల జీతం తీసుకునే అధికారి. దక్షిణాఫ్రికాలో పోయిన మినహాయింపు కూడా అధికారులదే. మీరు పూజారి గురించి అడిగి అధికారిని సాక్ష్యంగా తెస్తున్నారు.

పూర్వపక్షం:
అధికారికి మనస్సాక్షి ఉండకూడదా? ఈ ప్రశ్నకు మీరు జవాబు చెప్పలేదు.

మౌనప్రార్థన:
ఒక్క మాట. బ్రిటన్‌లోని క్వేకర్లనే క్రైస్తవ శాఖవారు తమ సభలలో స్వలింగ జంటల వివాహాలను మిగతా వివాహాల్లాగే జరపాలని 2009లో నిర్ణయించుకున్నారు. చట్టం మారేదాకా ఆ వివాహాలకు గుర్తింపు లేదు. నిషేధం మతానికి రక్షణ అంటున్నారు, మరి క్వేకర్లది మతం కాదా?

నిరీశ్వర:
నాకు దేవుడి మీద నమ్మకం లేదు, అయినా ఈ చట్టానికి వ్యతిరేకిని. ఇద్దరి అనురాగంతో రాజ్యానికి పని లేదు. పుట్టబోయే పిల్లలకు తల్లిదండ్రులను కట్టుబడి ఉంచడానికే అది వివాహంలో జోక్యం చేసుకుంటుంది.

రాజ్యాంగప్రియ:
అలాగైతే అరవై ఏళ్ళు దాటిన స్త్రీపురుషుల వివాహాన్ని ఏ రిజిస్ట్రారూ నమోదు చేయకూడదు. పైగా స్వలింగ జంటలు పెంచుతున్న పిల్లలకు ఆ కట్టుబాటు అక్కరలేదా?

తూర్పుకిటికీ:
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. బల్ల వెనక కూర్చున్న అధికారి మనస్సాక్షి గురించి ఇన్ని మాటలు వచ్చాయి, బల్లకు ఇవతల నిలబడినవారి గురించి ఒక్కటీ రాలేదు. నేనూ అతనూ పద్నాలుగేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. నిరుడు ఒక అర్ధరాత్రి అతనికి పేగు మెలిపడి అత్యవసరంగా ఆపరేషన్ చేయవలసి వచ్చింది. అనుమతి పత్రంలో ‘రోగితో బంధుత్వం’ అన్నచోట ‘జీవిత భాగస్వామి’ అని రాశాను. అక్కడి ఉద్యోగి కాగితాన్ని తన వైపు తిప్పుకొని, ఆ రెండు మాటల మీద నీలి సిరాతో అడ్డంగా గీత గీసి, పైన ‘మిత్రుడు’ అని రాసి, మిత్రుడి సంతకం చెల్లదన్నాడు. ఆయన దురుసుగా మాట్లాడలేదు, కూర్చోమని కుర్చీ కూడా చూపించాడు. ఆరేళ్ళుగా మా గడప తొక్కని అతని అన్నగారు వచ్చి సంతకం చేసేసరికి రెండున్నర గంటలు గడిచాయి. అతను బతికి బయటపడ్డాడు కానీ, ఆ గీత ఇప్పటికీ నా కళ్ళకు కడుతూనే ఉంది.

పూర్వపక్షం:
మీకు జరిగింది అన్యాయం, అందులో నాకు సందేహం లేదు. అయితే దానికి విరుగుడు ఆసుపత్రి నిబంధన మార్చడం. రోగి ముందుగా ఎవరి పేరు రాసిస్తే వారి సంతకం చెల్లుతుందని ఒక్క ఉత్తర్వు ఇస్తే సరిపోతుంది. వివాహ నిర్వచనం జోలికి పోనక్కరలేదు. 2019లో తైవాన్ చేసిన చట్టం పేరులో వివాహమన్న మాటే లేదు, అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఇచ్చిన వ్యాఖ్యానం నంబరు 748ను అమలుచేసే చట్టమని మాత్రమే ఉంది. మాటను ముట్టుకోకుండా హక్కులు ఇవ్వవచ్చని దానివల్ల తెలుస్తోంది.

రాజ్యాంగప్రియ:
పేరు దగ్గరే ఆగిపోయారు. అదే చట్టం నాలుగో సెక్షను ఈ జంటలు ‘వివాహ నమోదు’ చేసుకోవచ్చునని స్పష్టంగా చెబుతోంది.

పూర్వపక్షం:
చట్టానికి పేరు ఊరికే పెట్టరు. ఆ మాట అక్కడ లేకుండా జాగ్రత్తపడ్డారంటే కారణం ఉంది.

తూర్పుకిటికీ:
నా సంతకం చెల్లలేదని నేను చెబుతుంటే, మీరు తైవాన్ చట్టానికి పేరేమిటని వాదిస్తున్నారు! అమెరికాలో ఎడిత్ విండ్సర్, థియా స్పయర్ అనే ఇద్దరు స్త్రీలు నలభై ఏళ్ళకు పైగా కలిసి బతికి, 2007లో కెనడాలో పెళ్ళి చేసుకున్నారు. 2009లో స్పయర్ చనిపోతే, అక్కడి ఫెడరల్ చట్టం విండ్సర్‌ను భార్యగా గుర్తించకుండా, సంక్రమించిన ఆస్తి మీద 3,63,053 డాలర్ల పన్ను కట్టించుకుంది. స్పయర్ పురుషుడై ఉంటే ఆ పన్నే లేదు. ఒక్క మాట లేకపోతే ఎంత పోతుందో ఆవిడ 2013లో సుప్రీంకోర్టులో గెలిచేదాకా అనుభవించింది. పూర్వపక్షం గారూ, మీరు కాపాడుకోవాలనుకుంటున్నది మాటను కాదు, మమ్మల్ని తక్కువవాళ్ళుగా చూసే అధికారాన్ని. దయచేసి దానికి మతమని పేరు పెట్టకండి.

నిరీశ్వర:
వ్యక్తిగత దూషణకు దిగితే ఇక చర్చ సాగదు.

పూర్వపక్షం:
ఉండనివ్వండి, నిరీశ్వర గారూ. సరిగ్గా ఇదే మాట నా చెల్లెలు నాతో అన్నది. నాలుగేళ్ళ క్రితం నా మేనల్లుడు కెనడాలో మరో అబ్బాయిని పెళ్ళి చేసుకున్నాడు. చిన్నప్పుడు వాడికి అక్షరాలు దిద్దించింది నేనే. చల్లగా ఉండమని వాడికి ఉత్తరం రాశాను, మనస్ఫూర్తిగానే రాశాను. ‘వివాహ శుభాకాంక్షలు’ అన్న మాట మాత్రం రాయలేకపోయాను. చెల్లెలు ఆ ఉత్తరం చదివి ఫోను చేసి, మీరిప్పుడు అన్నదే అన్నది. ఆనాటి నుంచి నాతో మాట్లాడటం లేదు. పూజారిని నిర్బంధిస్తారన్నది నా అసలు భయం కాదని ఒప్పుకుంటున్నాను. చట్టం హక్కులు పంచిపెట్టి ఊరుకోదు, ఏది గౌరవించదగ్గదో కూడా చెబుతుంది. అది ఈ బంధాన్ని వివాహమని ప్రకటించిన రోజున, జీవితమంతా నమ్మినదానికి కట్టుబడి ఆ మాట పలకలేని నాలాంటివాడు దేశం దృష్టిలో క్రూరుడవుతాడు.

రాజ్యాంగప్రియ:
ఇది మొదటే చెప్పి ఉంటే ఇంతసేపు పూజారుల గురించి కొట్టుకోకపోదుము. చట్టం గౌరవాన్ని కూడా ప్రకటిస్తుందన్న మీ మాటతో ఏకీభవిస్తున్నాను; ఆ గౌరవం వారికి అందాలనే నేను ఈ చట్టం కోరుతున్నాను. మన ఇద్దరి మధ్య తేడా అక్కడుంది. ఇక క్రూరుడన్న విషయానికొస్తే, 2015లో 5–4 తేడాతో ఈ వివాహాలను గుర్తించిన అమెరికా సుప్రీంకోర్టు కూడా, వ్యతిరేకించేవారిలో చాలామంది గౌరవనీయమైన మత, తాత్విక విశ్వాసాలతోనే అలా అనుకుంటున్నారని ఆ తీర్పులోనే రాసింది. ఆ విశ్వాసమే చట్టమైతే ఇతరుల గౌరవానికి భంగమని మాత్రమే అన్నది.

తూర్పుకిటికీ:
మీ చెల్లెలి సంగతి నాకు తెలియదు, కోపంలో అన్నమాటకు మన్నించండి. నా ప్రశ్న మాత్రం అలాగే ఉంది. ఆ రాత్రి ఆ బల్ల వెనక మీరే కూర్చుని ఉంటే నా కాగితం మీద ఏం రాసేవారు?

పూర్వపక్షం:
చాలాసేపు ఆలోచించి రాస్తున్నాను. ‘మిత్రుడు’ అని రాసేవాణ్ణి కాదు, అది అబద్ధం. నా అంతట నేను మీ మాట రాయగలిగేవాణ్ణో లేదో చెప్పలేను. మీరు రాసినదాన్ని మాత్రం కొట్టివేసేవాణ్ణి కాదు.

తూర్పుకిటికీ:
కొట్టివేయనంటే సంతకం చెల్లుతుందని ఒప్పుకున్నట్టేనా? లేక మాటను కాగితం మీద ఉండనిచ్చి, అన్నగారు వచ్చేదాకా ఆగమంటారా? నాకు ఈ ఒక్కదానికి సూటిగా జవాబు కావాలి.