స్కూల్ ఫారంలో ఇంటి భాష తెలుగు అని రాయాలా, ఇంగ్లీష్ అని రాయాలా? (డాలస్ వైపు ఉన్నవాళ్ళు చెప్పండి)

కొత్తగా_ఫ్రిస్కో:
అందరికీ నమస్తే. మా బాబు ఆగస్టులో కిండర్‌గార్టెన్‌లో చేరాలి. ఆన్‌లైన్‌లో లీజు కాగితం, కరెంటు బిల్లు, టీకాల రికార్డు అన్నీ ఎక్కించాక హోమ్ లాంగ్వేజ్ సర్వే దగ్గర ఆగిపోయాం. ఇంట్లో ఏ భాష వాడతారు, పిల్లాడు ఏ భాష వాడతాడు అని అడుగుతోంది. ఇంట్లో మాది తెలుగే. వాడు నాన్నమ్మతో తెలుగు, డేకేర్ వల్ల ఇంగ్లీష్, రెండూ మాట్లాడతాడు. మా ఆయన ఆఫీసులో అందరూ "ఇంగ్లీష్ అని పెట్టేయండి, తెలుగు అన్నారంటే ఈఎస్ఎల్‌లో, అదే ఇంగ్లీష్ సరిగా రాని పిల్లలకి ఇంగ్లీష్ నేర్పే క్లాసులో, పడేస్తారు, ఇక బయటికి రానివ్వరు" అంటున్నారు. సంతకం పెట్టే కాగితం మీద లేనిది రాయడానికి నాకు మనసొప్పడం లేదు. స్కూల్లో పిల్లలున్నవాళ్ళు ఏం చేశారో చెప్పండి ప్లీజ్.

రాజు_డాలస్:
ఇంగ్లీష్ అని పెట్టి ముందుకెళ్ళిపోండి. మా ఇద్దరికీ అదే పెట్టాం.

ప్లేనో_నాన్న:
మీ ఆయన ఆఫీసువాళ్ళు చెప్పింది కరెక్ట్ అండీ. మా పాప ఇక్కడే పుట్టింది. ఉన్నదున్నట్టు ఇంట్లో తెలుగు అని రాశాం. స్కూలు తెరిచిన కొత్తలో, ఇంకా క్లాస్ టీచర్ దగ్గరే బెరుకు పోని రోజుల్లో, ఎవరో మేడమ్ వచ్చి పాపని వేరే గదిలోకి తీసుకెళ్ళి బొమ్మలు చూపించి ప్రశ్నలడిగింది. మా పాప కొత్తవాళ్ళ ముందు నోరు విప్పదు. అంతే, ఇంగ్లీష్ రాదని తేల్చి ఎమర్జెంట్ బైలింగ్వల్ (ఇంటి భాష వేరు, ఇంగ్లీష్ ఇంకా నేర్చుకుంటోంది) అని రాసేశారు. ఇప్పుడు మూడో గ్రేడ్. నాతో పోట్లాడేది కూడా ఇంగ్లీష్‌లోనే. అయినా ఏటా స్ప్రింగ్‌లో టెల్పాస్, అదే ఇలాంటి పిల్లలకి టెక్సాస్ పెట్టే ఇంగ్లీష్ పరీక్ష, రాయాల్సిందే: వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం. మాట్లాడే పరీక్షంటే ఎదురుగా మనిషి ఉండడు, హెడ్‌సెట్ పెట్టుకుని కంప్యూటర్‌కి చెప్పాలి, అదే గదిలో మిగతా పిల్లలూ ఒకేసారి మాట్లాడుతుంటారు. అందులో తగ్గింది కాబట్టి ఈ ఏడూ అలాగే ఉంచారు. మా పాప నష్టపోయిన క్లాసులు ఎవరు తిరిగిస్తారు? నిజం రాసినందుకు ఇదా ఫలితం?

గోదారి_అమ్మాయి:
ప్లేనో గారూ, తెలుగు అని రాసిన ప్రతి పిల్లాడినీ ఈఎస్ఎల్‌లో వేయరు. ఇంగ్లీష్ టెస్ట్ పెడతారు, పాసైతే అక్కడితో అయిపోయింది. వేయాలన్నా మీ అనుమతి ఉండాలి. మీరు సంతకం పెట్టారు కాబట్టే వేశారు.

ప్లేనో_నాన్న:
వద్దని రాసిచ్చినా టెల్పాస్ మాత్రం తప్పదు, బయటపడేదాకా ఏటా రాయాల్సిందే. అది కూడా చెప్పండి మరి. సగం రూలు చెప్పి జనాన్ని ఎందుకు మభ్యపెడతారు?

చిన్నీ_1985:
ఇది గ్రీన్ కార్డ్ కేసుకి ఏమైనా ఎఫెక్ట్ అవుతుందా? తెలుగు అని రాస్తే మనం హెచ్1 అని వాళ్ళకి తెలిసిపోదా?

ఈఎస్ఎల్_సహాయం:
చిన్నీ గారూ, ఏ సంబంధమూ లేదు. వీసా స్టేటస్ చూసి పిల్లల్ని చేర్చుకోకపోవడం కుదరదని సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది. ఆ కేసు మన టెక్సాస్‌లోని టైలర్ ఊరిదే. టెన్షన్ పడకండి.

అసలు ప్రశ్నకు వస్తాను. నేను ఎలిమెంటరీ స్కూల్లో ఈఎస్ఎల్ టీచర్‌కి సహాయకురాలిగా చేస్తున్నాను, ఈ ఫైళ్ళన్నీ నా చేతి మీదుగానే వెళ్తాయి. ఈ సర్వే మొదటిసారి చేర్చేటప్పుడు ఒక్కసారే నింపుతారు, టెక్సాస్‌లో స్కూల్ డిస్ట్రిక్ట్ మారినా అదే కాగితం వెంట వస్తుంది. ఇంగ్లీష్ కాకుండా వేరే భాష ఉంటే టెస్ట్ చేసి నాలుగు వారాల్లో తేల్చాలి. రాసింది దిద్దుకోవాలంటే చేర్చిన రెండు వారాల లోపు, అదీ టెస్ట్ ఇంకా అవ్వకముందు మాత్రమే. ఒక్కసారి టెస్ట్ అయ్యాక "పొరపాటున రాశామండీ" అంటే వినరు. గిఫ్టెడ్ ప్రోగ్రాంకి (చురుకైన పిల్లల ప్రత్యేక క్లాసులకి) అడ్డమనే మాట కూడా వింటుంటాను, అది నిజం కాదు, ఎమర్జెంట్ బైలింగ్వల్ అన్న కారణంతో గిఫ్టెడ్ నుంచి పక్కన పెట్టకూడదు.

ప్లేనో_నాన్న:
పెట్టకూడదు అనడం వేరు, జరిగేది వేరు. మా పాపని గిఫ్టెడ్‌కి టీచర్ రికమెండ్ చేయలేదు. ఎందుకు చేయలేదో నాకు తెలుసు.

రాజు_డాలస్:
అన్నా, రికమెండేషన్ కోసం చూడకండి, పేరెంట్ కూడా అప్లై చేయొచ్చు. మేం అలాగే చేశాం.

ప్లేనో_నాన్న:
పాయింట్ అది కాదు.

గోదారి_అమ్మాయి:
మరి పాయింట్ ఏంటండీ? నాది చెప్తాను వినండి. మా బాబుకి మాటలు ఆలస్యం. కుక్క అనమంటే "తుత్త" అంటాడు, కాకి అంటే "తాతి". డేకేర్‌లో వాళ్ళు "ఇంట్లో రెండు భాషలు కదా, అందుకే, అదే సర్దుకుంటుంది, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి" అన్నారు. స్కూల్లో స్పీచ్ పరీక్షకి పెట్టినప్పుడు ఫారంలో తెలుగు అని ఉంది కాబట్టి తెలుగు తెలిసిన ఒకామెను పిలిపించారు. ఆవిడ నా ముందే బొమ్మల కార్డులు పెట్టి తెలుగులో అడిగారు, తర్వాత స్పీచ్ థెరపిస్ట్ ఇంగ్లీష్‌లో అడిగింది. ఇంగ్లీష్‌లో క్యాట్‌ని "టాట్" అంటున్నాడు, తెలుగులో కుక్కని తుత్త అంటున్నాడు. రెండు భాషల్లోనూ క శబ్దం దగ్గరే తప్పుతోంది అంటే తేడా భాషలో లేదు, మాటలోనే ఉందని అప్పుడు తేలింది. థెరపీ మొదలుపెట్టారు. పరీక్ష పిల్లాడి సొంత భాషలో చేయాలని కేంద్ర చట్టమే ఉంది. ఇంట్లో ఇంగ్లీష్ అని రాసి ఉంటే తెలుగావిడను ఎందుకు పిలుస్తారు?

నా మీటింగులకు ఇంటర్‌ప్రెటర్ కూడా అందుకే వచ్చింది. నాకు ఇంగ్లీష్ వచ్చు, కానీ ఏఆర్‌డీ మీటింగులో, అంటే పిల్లాడికి ఏ ప్రత్యేక సహాయం ఇవ్వాలో స్కూలువాళ్ళు తేల్చే మీటింగులో, ఆరుగురు కూర్చుని నా కొడుకు గురించి చకచకా మాట్లాడేస్తుంటే, ఆ మాటలు నాకు తెలుగులో చెప్పే మనిషి పక్కన ఉండడం ఎంత ధైర్యమో పడినవాళ్ళకే తెలుస్తుంది.

ప్లేనో_నాన్న:
మీ బాబుకి మంచి జరిగింది, సంతోషం. కానీ మీ కేసు వేరు. మా పాపకి ఏ ఇబ్బందీ లేదు. లేని ఇబ్బందికి లేబుల్ ఎందుకు వేస్తారు అన్నది నా ప్రశ్న. ఒక్కరూ దానికి సమాధానం చెప్పడం లేదు. సర్వే అందరికీ ఇస్తారు, టెస్ట్ మాత్రం మనలాంటివాళ్ళ పిల్లలకే. పక్కింటి పిల్లాడికి అదే వయసు, వాడూ కొత్తవాళ్ళ దగ్గర నోరు విప్పడు, వాడిని ఎవరూ గదిలోకి తీసుకెళ్ళలేదు.

ఇర్వింగ్_వరంగల్:
మొదటి నుంచి చదువుతున్నా. మా పాప తొమ్మిదేళ్ళప్పుడు వరంగల్ నుంచి వచ్చింది, నాలుగో గ్రేడ్ మధ్యలో చేరింది. అక్కడ ఇంగ్లీష్ మీడియమే, పుస్తకం చదవగలదు, కానీ ఇక్కడి టీచర్ మాట్లాడితే అర్థమయ్యేది కాదు. లంచ్ లైన్‌లో ఏం అడగాలో తెలియక కొన్నాళ్ళు పాలు మాత్రమే తీసుకుని కూర్చునేదట. ఈఎస్ఎల్ టీచరే కనిపెట్టి నాకు ఫోన్ చేసింది. ఆమె లేకపోతే నాకు ఎప్పటికి తెలిసేదో.

రాజు_డాలస్:
అయ్యో. పిల్లలు ఇవన్నీ ఇంట్లో చెప్పరు.

ప్లేనో_నాన్న:
అదే నేను చెప్పేది. మీ పాపలాంటి పిల్లలకి అది అవసరం, కాదనను. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లని తీసుకెళ్ళి ఇప్పుడే దిగిన పిల్లలతో కూర్చోబెడితే ఏమవుతుంది? అందరూ కలిసి వెనకబడతారు.

ఇర్వింగ్_వరంగల్:
ఇప్పుడే దిగిన పిల్లలా? అన్నా, మీరు ఏ సంవత్సరంలో దిగారో చెప్పండి. మా పిల్లల పక్కన కూర్చుంటే మీ పాప వెనకబడుతుందా? మీకు ఫారంతో గొడవ కాదు, మాతో గొడవ. ఆ క్లాసులో ఉండేది మా పిల్లలు, స్పానిష్ పిల్లలు అని మీకు నామోషీ. అది చెప్పలేక టెల్పాస్ అంటారు, హెడ్‌సెట్ అంటారు, గిఫ్టెడ్ అంటారు.

ప్లేనో_నాన్న:
నోటికొచ్చినట్టు మాట్లాడకండి. మీ గురించి నేనేమైనా అన్నానా?

ఇర్వింగ్_వరంగల్:
అన్నారు. పైకి వెళ్ళి చదువుకోండి.

రాజు_డాలస్:
పెద్దలూ, కాస్త నెమ్మది. ఆవిడ అడిగింది ఫారం గురించి.

గోదారి_అమ్మాయి:
రాజు గారూ, ఇదీ ఫారం గురించే. ఆదివారం పిల్లల్ని తెలుగు నేర్చుకోమని మనబడికి పంపి, సోమవారం ఇంట్లో మాది ఇంగ్లీషే అని రాసేది మనమే కదా. ఇంకోటి కూడా చూశాను. ప్రీకేకి, అంటే కిండర్‌కి ముందు క్లాసుకి, నాలుగేళ్ళ పిల్లాడికి ఇంగ్లీష్ రాకపోతే ఆదాయం ఎంతున్నా సీటు ఫ్రీ. సెప్టెంబర్ 1కి నాలుగు నిండి ఉంటే చాలు. 2019 చట్టంతో అర్హత ఉన్న నాలుగేళ్ళ పిల్లలకి అది రోజంతా నడుస్తోంది. డేకేర్ ఫీజు మిగులుతుందని అప్పుడు తెలుగు అని రాసి, కిండర్‌లో ఎలా మార్పించుకోవాలని అడిగినవాళ్ళు ఈ ఫోరంలోనే ఉన్నారు. కావలసినప్పుడు తెలుగు, అక్కర్లేనప్పుడు ఇంగ్లీష్. నిజంగా అవసరమున్న పిల్లల మాట కూడా స్కూలు నమ్మకుండా పోయేది ఇలాంటివాళ్ళ వల్లే.

ఈఎస్ఎల్_సహాయం:
లెక్కల సంగతి కూడా చెప్తాను, ఇది చాలామందికి తెలియదు. స్కూల్ డిస్ట్రిక్ట్ మొత్తం మీద ఒకే గ్రేడ్‌లో ఒకే భాష పిల్లలు, అంటే టెస్టులో ఎమర్జెంట్ బైలింగ్వల్ అని తేలినవాళ్ళు, 20 మంది అయితే ఎలిమెంటరీలో ఆ భాషలో బైలింగ్వల్ ప్రోగ్రాం పెట్టాలన్నది టెక్సాస్ రూలు. సర్టిఫికెట్ ఉన్న టీచర్లు దొరక్కపోతే రాష్ట్రానికి మినహాయింపు కోసం రాసి ఈఎస్ఎల్ నడుపుతారు. స్పానిష్‌కి అన్నేసి క్లాసులున్నాయంటే వాళ్ళు ఫారంలో ఉన్నది రాశారు, లెక్కలోకి వచ్చారు. భాష రాని పిల్లలకి సహాయం అందాలన్న హక్కు 1974లో శాన్‌ఫ్రాన్సిస్కో చైనీస్ పిల్లల కుటుంబాలు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి తెచ్చుకున్నది, లౌ వర్సెస్ నికోల్స్ కేసు. పాఠం అర్థం కాని పిల్లల్ని ఊరికే క్లాసులో కూర్చోబెట్టి సమానంగా చూస్తున్నామంటే చెల్లదని తీర్పు. ఇంత ఉన్నా మన అపార్ట్‌మెంట్లలో తెలుగువాళ్ళే నిండి ఉన్నారు, ఆఫీసులో లెక్క తీస్తే మాత్రం ఇంటి భాష తెలుగు అన్నవాళ్ళు చాలా తక్కువ కనిపిస్తారు. ఒక నాన్నమ్మ మనవడిని తీసుకెళ్ళడానికి వచ్చి గేటు దగ్గర ఏదో చెప్పలేక నిలబడితే, ఫ్రంట్ డెస్క్‌లో నాకు ఫోన్ చేస్తారు, ఎందుకంటే తెలుగు ఇంటర్‌ప్రెటర్ అవసరమని వాళ్ళ ఫైల్లో ఎక్కడా లేదు.

ప్లేనో_నాన్న:
ఇర్వింగ్ గారూ, మీ పిల్లల్ని తక్కువ చేయాలని నాకు లేదు. నేను ఇక్కడికొచ్చిన కొత్తలో మీటింగుల్లో నేను ఏం చెప్పినా ఒకాయన "ఏమన్నావు, మళ్ళీ చెప్పు" అనేవాడు. పని నాకంటే తక్కువ తెలిసినవాళ్ళు మాట తీరుతో పైకెళ్ళిపోయారు. ఈ దేశంలో ఇంగ్లీష్ రాదు అన్న పేరు ఒకసారి పడితే వదలదు. ఆ మాట నా కూతురి ఫైల్లో ఐదేళ్ళకే ఎక్కింది. నాకు మండేది అక్కడ. మీరు నామోషీ అనుకోండి, ఇంకేమైనా అనుకోండి. రెండోవాడు వచ్చే ఏడు చేరతాడు, వాడికి ఇంగ్లీష్ అనే రాస్తాను.

ఇర్వింగ్_వరంగల్:
మీకు జరిగింది అన్యాయమే. అది చేసింది మీ ఆఫీసాయన. అతనికి భయపడి మనం మన ఇంటి భాష దాచుకుంటే, మా పాపలాంటి పిల్ల వచ్చినప్పుడు ఆ ఈఎస్ఎల్ టీచర్ పోస్టు ఉండదు. పిల్లల లెక్కను బట్టే రాష్ట్రం డబ్బులిస్తుంది, ఆ డబ్బుతోనే టీచర్లు. మీ పాప ఫైలు మీకు ముఖ్యం, నాకు అర్థమవుతుంది. కానీ అందరూ అలాగే అనుకుంటే ఆ లంచ్ లైన్‌లో పిల్లని ఎవరు చూస్తారు?

ప్లేనో_నాన్న:
ఆ బరువు నా కొడుకు మీద పెట్టకండి. టీచర్ పోస్టు నిలబెట్టడం వాడి పని కాదు.

గోదారి_అమ్మాయి:
ఎవరి పని మరి?

కొత్తగా_ఫ్రిస్కో:
అందరికీ థాంక్స్. మేమిద్దరం నిన్న రాత్రి కూర్చుని మాట్లాడుకున్నాం. తెలుగు అనే రాసి సబ్మిట్ చేశాం. మా ఆయనకి ఇంకా ఇష్టం లేదు, కానీ నాన్నమ్మ మా ఇంట్లోనే ఉంటుంది, రేపు ఆమె వాడిని స్కూలుకి తీసుకెళ్తే ఇంట్లో ఇంగ్లీష్ అని ఎలా చెప్పుకుంటాం. ప్లేనో గారూ, మీ పాపకి జరిగినట్టు మా వాడికీ జరుగుతుందేమోనని భయం మాత్రం ఉంది, వాడూ కొత్తవాళ్ళ దగ్గర బిగుసుకుపోతాడు. దానికి ముందే ఏమైనా చేయొచ్చా?

ఈఎస్ఎల్_సహాయం:
చేయొచ్చండీ. స్కూలు తెరవకముందే ఫ్రంట్ ఆఫీసుకి ఈమెయిల్ పెట్టండి, టెస్ట్ ఎప్పుడో ముందుగా చెప్పమని, బాబు కొత్తవాళ్ళతో మాట్లాడడానికి టైమ్ తీసుకుంటాడని, డేకేర్‌లో ఇంగ్లీష్ బాగా మాట్లాడతాడని రాయండి. డేకేర్ టీచర్ దగ్గర రెండు లైన్లు రాయించి జతచేయండి. మొదటి వారం కాకుండా కాస్త అలవాటయ్యాక పెట్టమని అడగండి, నాలుగు వారాల గడువులో ఆ వీలు ఉంటుంది. మా స్కూల్లో ఇలా అడిగినవాళ్ళకి కాదనలేదు.

ప్లేనో_నాన్న:
ఈ సంగతి మాకు అప్పట్లో ఒక్కరూ చెప్పలేదు. అడగొచ్చని ఆ ఫారం మీద ఎందుకు రాయరు?