ఆఫీసు ఇన్‌బాక్స్‌ను ఫోల్డర్లుగా సర్దాలా, సెర్చ్‌ను నమ్ముకోవాలా?

సాగర్‌నగర్ వాసి:

విశాఖ పోర్టు దగ్గర దిగుమతి, ఎగుమతి సరుకులకు కస్టమ్స్ పనులు చూసే ఒక చిన్న ఆఫీసులో నేను పని చేస్తున్నాను. మా అందరికీ కలిపి ఒకే మెయిల్ ఐడీ ఉంది. సరుకు వస్తోందని తెలిపే షిప్పింగ్ లైన్ల అరైవల్ నోటీసులు, పార్టీలు (మా ఖాతాదారులు) పంపే ఇన్‌వాయిస్‌లు, ప్యాకింగ్ లిస్టులు, సరుకు అప్పగించమని చెప్పే డెలివరీ ఆర్డర్లు, బ్యాంకు సమాచారం, ఎవరికీ అక్కరలేని ఆఫర్లు, పండుగ శుభాకాంక్షలు అన్నీ అందులోకే వచ్చి పడతాయి. ఇకపై ప్రతి పార్టీకీ ఒక ఫోల్డరు తెరవాలనీ, సాయంత్రం తాళం వేసేలోగా ఇన్‌బాక్స్‌లో ఒక్క మెయిల్ కూడా మిగలకూడదనీ మా మేనేజరు గారు చెప్పారు. సర్దడం దండగ పని, పేరు కొట్టి వెతికితే క్షణంలో దొరికేదానికి గంటలు ఎందుకు పోగొట్టుకోవాలని మా కుర్రవాళ్లు వాదిస్తున్నారు. ఈ రెండింటిలో ఏది సరైన పద్ధతో, అనుభవం ఉన్నవారు కారణాలతో సహా చెప్పగలరని ఆశిస్తున్నాను.

రుషికొండ ఐటీ:

మీ కుర్రవాళ్ల మాటే సరైనది. ఫోల్డర్లు కట్టే అలవాటు మెయిల్‌లో స్థలం ఇరుకుగా ఉన్న రోజుల నుంచి వచ్చింది. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ మొదలైనప్పుడు ఒక్కొక్కరికి 1 జీబీ ఇస్తామంటే చాలామంది దాన్ని ఏప్రిల్ ఫూల్ వేళాకోళం అనుకున్నారు, ఎందుకంటే అప్పట్లో హాట్‌మెయిల్ ఉచితంగా ఇచ్చేది 2 ఎంబీ మాత్రమే. స్థలం పెరిగాక పాతవాటిని తీసివేయవలసిన అవసరం తగ్గింది, సెర్చ్ బాగుపడ్డాక సర్దవలసిన అవసరమూ తగ్గింది.

ఇది నా సొంత అభిప్రాయం మాత్రమే కాదు. 2011లో ఐబీఎం పరిశోధకులు 345 మంది వాడుకరులు పాత మెయిళ్ల కోసం తిరిగి వెతుక్కున్న 85,000కు పైగా సందర్భాలను పరిశీలించారు. ఫోల్డర్లు శ్రద్ధగా కట్టుకున్నవారు వెతికేటప్పుడు ఆ ఫోల్డర్లనే ఆశ్రయించారు గానీ, అంత శ్రమ పడినందుకు వారికి మెయిల్ దొరకడంలో మెరుగేమీ కనబడలేదు. సెర్చ్, ఒకే విషయంపై జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాలను ఒకచోట చేర్చి చూపే పద్ధతి, ఈ రెండే ఎక్కువ ఫలితం ఇచ్చాయని వారు తేల్చారు. కాబట్టి చదివినదాన్ని చదివినట్లు ఆర్కైవ్ చేయండి, అంటే తీసివేయకుండా ఇన్‌బాక్స్ నుంచి పక్కకు పంపండి, అవసరమైనప్పుడు వెతుక్కోండి. మేనేజరు గారికి శుభ్రంగా కనిపించాలన్న కోరిక ఉంటే అది ఆర్కైవ్‌తోనే తీరుతుంది.

పోర్టురోడ్డు:

రుషికొండ గారూ, మీరు చెప్పిన పరిశోధనను నేను కాదనను. అయితే అది కొలిచింది ఒక మనిషి తన సొంత మెయిల్ పెట్టెలో, తాను ఒకసారి చూసిన ఉత్తరాన్ని, అది ఉందని తెలిసి తిరిగి వెతుక్కోవడాన్ని. సాగర్‌నగర్ గారి ఆఫీసులో చిక్కు అక్కడ లేదు. తెల్లవారుజామున వచ్చిన అరైవల్ నోటీసు నలభై ఆఫర్ల కింద పడి ఉంటే, అది వచ్చిందని తెలియనివారు దాని కోసం సెర్చ్‌లో ఏమి కొడతారు? మెయిల్ ఎవరూ చదవలేదని కంటైనరుకు ఇచ్చిన ఉచిత గడువు ఆగదు. ఆ గడువు దాటాక డిటెన్షన్ ఛార్జీలు రోజు లెక్కన పెరుగుతాయి, వాటి గురించి పార్టీ నిలదీసేది మిమ్మల్నే.

ఇక సెర్చ్ మన పనిలో ఎంతవరకు నమ్మదగినదో చూడండి. కంటైనరు నంబరులో నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి. షిప్పింగ్ లైను వారు మొత్తం కలిపి రాస్తారు, రవాణా చూసేవారు అక్షరాలకూ అంకెలకూ మధ్య ఖాళీ వదులుతారు, మరొకరు చివరి అంకెకు ముందు గీత పెడతారు. మీరు ఒక రూపంలో కొడితే మిగిలిన రూపాల్లో ఉన్నవి తగలకుండా పోవచ్చు. మన ఊరి పేరునే ఒకరు వైజాగ్ అని, ఇంకొకరు విశాఖపట్నం అని, అందులోనూ ఇంగ్లీషు స్పెల్లింగులో ఎస్ తరువాత హెచ్ చేర్చి కొందరు, చేర్చకుండా కొందరు రాస్తారు. షిప్పింగ్ కాగితాల్లోనైతే అది ఐఎన్‌వీటీజెడ్ అనే కోడ్‌గా మారిపోతుంది. పార్టీ పేరులో లక్ష్మి ఉందంటే కేఎస్‌హెచ్‌తో రాసేవారినీ, ఎక్స్‌తో రాసేవారినీ ఇద్దరినీ గుర్తు పెట్టుకుని రెండుసార్లు వెతకాలి. వీటన్నిటికీ మించి, సంతకం, ముద్ర వేసి వంకరగా స్కాన్ చేసి పంపిన డెలివరీ ఆర్డరు ఉంటుంది చూశారూ, సబ్జెక్టు దగ్గర ఏమీ రాయకుండా, లోపల ఒక్క మాట కూడా లేకుండా వస్తుంది. దాన్ని ఏ పదంతో పట్టుకోగలం?

అలాగని మేనేజరు గారి పద్ధతినీ నేను సమర్థించను. పార్టీవారీ ఫోల్డర్లు పైకి చక్కగా కనిపిస్తాయి కానీ, ఒకే నౌక మీద మూడు పార్టీల పెట్టెలు వచ్చినప్పుడు షిప్పింగ్ లైను పంపిన ఒక్క మెయిల్‌ను ఏ ఫోల్డరులో వేస్తారు? అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. సాయంత్రానికి ఇన్‌బాక్స్ ఖాళీ కావాలన్న నియమం పెడితే, పని పూర్తి కాని మెయిల్ కూడా పూర్తయినవాటితో పాటు ఫోల్డరులోకి వెళ్లిపోతుంది. బల్ల శుభ్రంగా ఉంటుంది, పని మాత్రం సొరుగులో దాక్కుంటుంది.

నా దృష్టిలో మెయిల్‌ను పార్టీని బట్టి కాకుండా, దాని మీద మిగిలిన పనిని బట్టి విడదీయాలి. మనం ఇంకా ఏదో చేయవలసినవి ఇన్‌బాక్స్‌లోనే ఉండాలి. మనం రాసి, ఎదుటివారి జవాబు కోసం చూస్తున్నవాటికి ‘జవాబు రావాలి’ అని ఒక లేబుల్ ఉండాలి. మిగిలినవి ఆర్కైవ్‌కు పోవాలి. మనవాళ్లు ఎలాగూ ప్రతి షిప్‌మెంటుకూ ఒక జాబ్ నంబరు వేస్తారు కదా, మొదటి జవాబు రాసేటప్పుడే ఆ నంబరును సబ్జెక్టులో చేర్చితే, ఆ తరువాత వచ్చే జవాబులన్నీ చాలావరకు ఆ నంబరుతోనే వస్తాయి. అప్పుడు రుషికొండ గారు మెచ్చుకునే సెర్చ్ నిజంగా పని చేస్తుంది.

అసలు గొడవ ఉమ్మడి పెట్టెలోనే ఉందని నా నమ్మకం. ఒకరు మెయిల్ తెరవగానే దాని లావుపాటి అక్షరాలు అందరికీ మామూలు అక్షరాలుగా మారిపోతాయి. తెరిచినవారు ఫోను రావడంతో లేచి వెళ్లిపోతారు. మిగిలినవారు దాన్ని ఎవరో చూసేశారు కాబట్టి పని జరుగుతోందనుకుంటారు. పదిమందిలో పాము చావదని పెద్దలు ఊరికే అనలేదు. ప్రతి మెయిల్‌కూ బాధ్యుడి పేరుతో ఒక లేబుల్ పడనంత వరకు ఫోల్డర్లు కట్టినా, సెర్చ్ చేసినా ఫలితం ఒకటే.

ద్వారకానగర్ ఆడిటర్:

వాదన మధ్యలో ‘ఖాళీ చేయడం’ అనే మాట పదేపదే వస్తోంది కాబట్టి ఒక హెచ్చరిక చేయడం నా వృత్తిధర్మం. ఖాళీ చేయడమంటే డిలీట్ చేయడం కాదని సిబ్బందికి స్పష్టంగా చెప్పండి. కస్టమ్స్ బ్రోకర్ల లైసెన్సింగ్ నిబంధనలు, 2018 ప్రకారం బ్రోకరు తన రికార్డులను కనీసం 5 ఏళ్లు భద్రపరచాలి. జీఎస్టీ చట్టం లెక్కల పుస్తకాలను, రికార్డులను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచమంటుంది. మీది కంపెనీ అయితే 2013 కంపెనీల చట్టం ప్రకారం ఖాతా పుస్తకాలు, వాటికి సంబంధించిన వోచర్లు 8 ఆర్థిక సంవత్సరాల పాటు ఉండాలి. ప్రతి మెయిలూ రికార్డు కాదు, నిజమే, కానీ ఇన్‌వాయిస్ మెయిల్‌కు జతగా మాత్రమే వచ్చి, ఎక్కడా విడిగా భద్రపరచకపోతే ఆ మెయిలే మీ ఆధారం అవుతుంది. జీమెయిల్ ట్రాష్‌లో పడినది 30 రోజుల తరువాత దానంతట అదే పోతుంది. తనిఖీ అధికారి అడిగేది సాధారణంగా దానికి ఎంతో కాలం తరువాత.

ఎంవీపీ కాలనీ విశ్రాంత ఉపాధ్యాయిని:

ఆఫీసుల సంగతి నాకు తెలియదు గానీ, పెద్దవాళ్ల ఇంటి మెయిల్ గురించి ఒక మాట చెబుతాను. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ మెయిల్‌కు మాత్రమే కాదు, డ్రైవ్‌కు, ఫొటోలకు కూడా కలిపే. మనవల వీడియోలతో అది నిండిపోతే కొత్త మెయిళ్లు రావడం ఆగిపోతుంది, పెన్షను కాగితం పంపామని బ్యాంకువారు అంటారు, మనకు మాత్రం అందదు. అందుచేత వేలాది చిన్న మెయిళ్లను ఒక్కొక్కటిగా తీసివేస్తూ కళ్లు పాడుచేసుకోవడం కంటే, పెద్ద వీడియోలను, బరువైన జోడింపులున్న మెయిళ్లను ముందు చూసుకోవడం మేలు.

ఆఫర్ల మెయిళ్లను రోజూ తీసివేయడం కన్నా వాటి రాకను ఆపడం సులువు. రోజుకు 5,000కు మించి జీమెయిల్ ఖాతాలకు మెయిళ్లు పంపే సంస్థలు తమ ప్రచార మెయిళ్లలో ఒక్క నొక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యే వీలు కల్పించాలని గూగుల్ 2024లో నియమం పెట్టింది. పేరున్న దుకాణాల మెయిళ్లలో, పంపినవారి పేరు పక్కనే ఆ మీట కనిపిస్తుంది. ఎవరో తెలియని మోసగాళ్ల మెయిల్ లోపల ఉండే లింకును మాత్రం నొక్కకూడదు. ఈ చిరునామాలో మనిషి ఉన్నాడని వారికి మనమే చెప్పినట్లు అవుతుంది. వాటిని స్పామ్‌లోకి తోసేయడమే మంచిది.

రుషికొండ ఐటీ:

పోర్టురోడ్డు గారూ, బాధ్యుడి పేరు లేబుల్‌గా ఉండాలన్న మాటను ఒప్పుకుంటున్నాను. ఉమ్మడి పెట్టెను నేను లెక్కలోకి తీసుకోలేదు. అయితే పని మిగిలిన మెయిళ్లతో ఇన్‌బాక్స్‌నే పనుల జాబితాగా వాడమన్న సలహాతో నాకు పేచీ ఉంది. మెయిల్ మనం పెట్టిన వరుసలో ఉండదు, వచ్చిన వరుసలో ఉంటుంది. రేపటికి గడువున్న పని కిందికి జారిపోయి, వచ్చే నెల పని పైన కూర్చుంటుంది. గడువుల కోసం ఒక షీటు విడిగా నడపడమే శాస్త్రీయం.

‘ఇన్‌బాక్స్ జీరో’ అనే మాటను 2006–07 కాలంలో ప్రచారంలోకి తెచ్చిన అమెరికన్ రచయిత మెర్లిన్ మాన్ కూడా ఆ సున్నా మెయిళ్ల సంఖ్య కాదనీ, మన బుర్ర ఇన్‌బాక్స్‌లో ఎంతసేపు చిక్కుకుని ఉంటుందన్నదే అసలు లెక్క అనీ వివరించారు. ఆ దృష్టితో చూస్తే మీ ఆఫీసు తగ్గించవలసింది మెయిల్ తెరిచే సార్లను. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 124 మంది పాల్గొన్నారు. ఒక వారం రోజుకు మూడుసార్లే మెయిల్ చూసుకోమన్నప్పుడు, ఎప్పుడు పడితే అప్పుడు చూసిన వారంతో పోలిస్తే వారిలో ఒత్తిడి తగ్గింది.

పోర్టురోడ్డు:

షీటు విషయంలో మన మధ్య ఏకాభిప్రాయం కుదరదేమో. షీటు నడపడానికి ఒకరు, ఇన్‌బాక్స్ చూడడానికి ఒకరు ఉండే ఆఫీసులో అది బాగానే ఉంటుంది. ముగ్గురు నలుగురితో నడిచే చోట రెండు చోట్ల నమోదు చేయమంటే మొదటి వారం చేస్తారు, తరువాత రద్దీ రోజున ఏదో ఒకటి వదిలేస్తారు, వదిలేసేది ఎప్పుడూ షీటునే. అందుకే మెయిల్‌లోనే గడువు తేదీకి తిరిగి పైకి వచ్చే స్నూజ్ సదుపాయం వాడుకోమంటాను. రేపు చేయవలసినది రేపు ఉదయం పై వరుసలో కనిపిస్తుంది.

రోజుకు మూడుసార్లు అన్నది రుషికొండ కొండమీద కోడ్ రాసేవారికి వర్తిస్తుందేమో గానీ, నౌక బెర్తుకు చేరే రోజున మాకు వర్తించదు. అయితే ఆ అధ్యయనంలోని సారాన్ని మరోలా వాడుకోవచ్చు. అందరూ రోజంతా ఒకే పెట్టెలోకి తొంగి చూస్తూ ఉండే బదులు, పూటకు ఒకరు మెయిల్ చూసే బాధ్యత తీసుకుని, వచ్చినదాన్ని పేరు వేసి పంచి, మిగిలినవారిని బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి సరుకుకు కస్టమ్స్‌కు దాఖలు చేసే పత్రం) పనిలో ప్రశాంతంగా కూర్చోనివ్వాలి. పూట మారేటప్పుడు పేరు పడని మెయిల్ ఒక్కటీ ఉండకూడదు. మేనేజరు గారికి సున్నా మీద అంత ఇష్టం ఉంటే ఆ సున్నాను ఇక్కడ పెట్టమనండి.

సాగర్‌నగర్ వాసి:

అందరికీ ధన్యవాదాలు. పార్టీవారీ ఫోల్డర్లు మానేసి, పేర్ల లేబుళ్లు, ‘జవాబు రావాలి’ లేబుల్, సబ్జెక్టులో జాబ్ నంబరు పెట్టే పద్ధతిని మేనేజరు గారి ముందు ఉంచుతాను. డిలీట్ విషయంలో ఆడిటరు గారి మాటనే నోటీసుగా రాసి పెడతాం. షీటా, స్నూజా అన్నది మా ఆఫీసులోనూ తేలేలా లేదు. ఒక్క సందేహం మిగిలింది. కొన్ని పార్టీలు మా ఉమ్మడి ఐడీకి కాకుండా, తమకు పరిచయం ఉన్న మా ఉద్యోగి సొంత మెయిల్‌కు కాగితాలు పంపుతాయి. ఆ ఉద్యోగి సెలవులో ఉంటే ఏమి చేయాలి?

పోర్టురోడ్డు:

ఆ ఉద్యోగి వాటిని ఉమ్మడి ఐడీకి ఫార్వర్డ్ చేసి ఊరుకుంటే పార్టీ అలవాటు మారదు. పార్టీకి వెళ్లే జవాబు ఉమ్మడి ఐడీ నుంచే వెళ్లాలి, అప్పుడు వారి తరువాతి మెయిల్ అక్కడికే వస్తుంది. అప్పటికీ మారనివారికి మేనేజరు గారే ఫోను చేసి చెప్పడం మంచిది. కింది ఉద్యోగి చెబితే, తమతో పరిచయం తెంచుకుంటున్నాడని పార్టీవారు అనుకుంటారు.