ధర్నా పాట పల్లవిలో ‘మా’ ఉండాల్నా, ‘మన’ ఉండాల్నా?

వంతగొంతు: హైదరాబాదుల ఇందిరాపార్కు కాడ ధర్నాకు కూర్చునే పారిశుద్ధ్య కార్మికుల కోసం పల్లవి కడుతున్నం. ‘మా చెమట మాకియ్యరో’ ఒకటి, ‘మన చెమట మనదేరో’ ఇంకోటి. ఏది నిలబడతది?

చిక్కడపల్లి: ‘మా’. అడిగేది సర్కారును. గరిమెళ్ల ‘మాకొద్దీ తెల్లదొరతనము’ అన్నడు, మనకొద్దు అనలే. ‘మా’ అనంగనే ఎదుటోడు గీతకు అవతల పడ్డడు. ‘మన’ అని కాంట్రాక్టరు గూడ అంటడు, జీతం ఆపేటప్పుడు ‘మన సంస్థ’ అనుకుంట.

డప్పుచెవి: గరిమెళ్ల పిలిచింది దొరను, వినిపించింది జనానికి. కవి గూడ అంజయ్య పాట చూడు. ఊరు మనది, వాడ మనది అని ముందు ఒప్పించి, తర్వాత నడుమ దొర ఎవడని అడిగిండు. జవాబు పాటల లేదు, వినేటోడి నోట్లె పుడతది.

చిక్కడపల్లి: తెల్లదొర వినకుంటే 1920లల్ల గరిమెళ్ల పాటకు జైలెందుకు?

డప్పుచెవి: జనం పాడుతున్నరని.

చిక్కడపల్లి: సరే, బండి యాదగిరి ‘బండెనక బండి కట్టి, పదహారు బండ్లు కట్టి’ పాట. పిలుపు నేరుగా నైజాము సర్కారుకే. సూర్యాపేట, నల్లగొండ, హైదరాబాదు, గోలుకొండ. చుట్టుముట్టు నుంచి నట్టనడుమకు, ఆడికెల్లి కోట పక్కకు. అన్నీ ఎరికైన ఊర్లే, కాదనేటోడు లేడు. తల ఊపుడు అలవాటైనంక ‘నీ గోరి కడతం కొడుకో’ అన్న మాట వస్తది, దానికీ తల ఊగుతది. ‘కొడుకో’ అన్న ఒక్క పిలుపుతో నవాబు గద్దె దిగిండు. ‘మన’ ఏడుందండీ ఇందుల?

నల్లకుంట_నవీన్: పదహారు బండ్లే ఎందుకు? పదిహేడు గూడ తూగుతది కదా.

డప్పుచెవి: ‘చాన బండ్లు’ అంటే కంటికి ఆనవు, అంకె చెప్తే వరుస కనబడతది. పదహారు అంటే మనకు నిండు లెక్క, ఒకప్పుడు రూపాయికి పదహారణాలు.

నల్లకుంట_నవీన్: అణాలకు, బండ్లకు ఏం సంబంధం?

డప్పుచెవి: వంతగొంతూ, ఏది రాసినా జీతం అంకె పల్లవిల పెట్టకు. సర్కారు సగం ఒప్పుకున్ననాడు పల్లవి చస్తది. చరణంల పెడితే ఆ ఒక్కటి మార్చుకోవచ్చు. హారన్ మైకు అడుగు స్థాయి గొంతును మింగేస్తది గనక పల్లవి చివర రా, రో అసొంటి దీర్ఘం ఉంచు, జనం ఆడ్నే అందుకుంటరు. పల్లవి రెండు లైన్లు దాటొద్దు.

చిక్కడపల్లి: మైకు సంగతి తర్వాత. నువ్వు పాటను టెంటు లోపలే తిప్పుతున్నవు. ఒప్పుకున్నోళ్లనే మళ్ల ఒప్పించుడేంది? బస్సుల పోయేటోడు వినాలె.

డప్పుచెవి: గిదన్నమాట అసలు పంచాది! నీకు పాటంటే అర్జీ. సిగ్నలు పడంగనే బస్సు పోతది, నీ చరణం గాలికి పోతది. నాలుగోనాడు ఎండల కూర్చున్నామె ఉండాల్నా, ఇంటికి పోవాల్నా అని ఊగుతుంటది. ఒప్పించాల్సింది ఆమెను.

చిక్కడపల్లి: ఆమె లేస్తే పాట లేక లేవదు, నాలుగు రోజుల కూలి పోయి లేస్తది. బయటి జనం కదలకుంటే సర్కారు కదలదు, ఆ కూలి రాదు. ఇంత చిన్న లెక్క తెల్వదా?

వంతగొంతు: లొల్లి ఆపుండ్రి. పల్లవి ‘మన’తోని, సర్కారును అడిగే చరణం ‘మా’తోని పెడితే?

చిక్కడపల్లి: కలగూరగంప చెయ్యకు. వంత ఎవరు పాడతరు?

వంతగొంతు: కూర్చున్న ఆడోళ్లే. నలభై మంది దాకా.

డప్పుచెవి: అయితే ‘మన’. ఒకామె అంటే పక్కామె అందుకుంటది.

చిక్కడపల్లి: నలభై మంది ఒక్క గొంతుతోని ‘మా’ అంటే అది అర్జీ ఎట్లయితది? ఆ మాట ముందు వాపస్ తీసుకో, తర్వాత మాట్లాడదం.