అగ్రిమెంట్ డ్రాఫ్ట్‌లో ఈసీ, సీసీ అంటే ఏంటండీ? ఎల్లుండే సంతకం

కొత్తింటి వేట:
రాత్రి నుంచి ఇదే ముందేసుకుని కూర్చున్నా, బుర్ర పనిచేయట్లేదు. ఫ్లాట్‌కి అగ్రిమెంట్ ఆఫ్ సేల్ డ్రాఫ్ట్ పంపారు. ఏ పేజీ తిప్పినా ఈసీ, సీసీ, ఓసీ, యూడీఎస్, డీజీపీఏ. అసలు తలనొప్పి ఈ క్లాజుతో. తెలుగులో చెప్పాలంటే: "ఈసీ, సీసీల్లో ఏది ఆఖరున వస్తే ఆ తేదీ నుంచి 42 నెలల్లో ఫ్లాట్ అప్పగిస్తాం, పైన 6 నెలలు గ్రేస్." ఈసీ అంటే ఆస్తి మీద లావాదేవీలు, తనఖాలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ కదా, అది నేనే తీయించుకున్నా. వాళ్లకి కొత్తగా రావడం ఏంటి? సీసీ అంటే కంప్లీషన్ అయితే, కట్టడం అయిపోయాక ఇంకో 42 నెలలు ఆగాలా? సేల్స్ వాళ్లనడిగితే "స్టాండర్డ్ ఫార్మాట్ సార్, అందరూ ఇదే సంతకం పెట్టారు" అంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

చదరపు గజం:
డెఫినిషన్స్ క్లాజు చూడండి. మొదట్లోనే ఉంటుంది.

కొత్తింటి వేట:
చూశానండీ. ఓసీ అంటే ఇంట్లో దిగొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, యూడీఎస్ అంటే స్థలంలో విడదీయని వాటా అని అర్థం రాశారు. ఈసీ, సీసీ అందులో లేవు. లేవు కాబట్టే అడుగుతున్నా.

పాత దస్తావేజు:
అందరూ ఈసీ, సీసీ అంటూ అసలు సంగతి వదిలేస్తున్నారు. డీజీపీఏ అన్నారు చూడండి, అక్కడ ఆగాలి. డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కమ్ జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ. అంటే స్థలం బిల్డర్‌ది కాదు, ఓనర్లు వేరే ఉన్నారు, కట్టి అమ్మే అధికారం వాళ్లు బిల్డర్‌కి రాసిచ్చారు. మీ ఫ్లాట్ బిల్డర్ వాటాలోదా, ఓనర్ల వాటాలోదా? డీజీపీఏ రిజిస్టర్ అయిందా? వాటాల పంపకం సప్లిమెంటరీ డీడ్ ఉందా? సేల్ డీడ్ లేకుండా ఉత్త జీపీఏ మీదే అమ్మితే హక్కు రాదని 2011లోనే సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. ఇప్పటికీ జనం చదవకుండా లక్షలు పోస్తున్నారు.

చదరపు గజం:
తీర్పు మొత్తం చదవండి సార్. డెవలపర్‌కి సక్రమంగా ఇచ్చే జీపీఏల జోలికి వెళ్లట్లేదని అందులోనే ఉంది.

పాత దస్తావేజు:
ఉంది, కాదనను. కానీ "సక్రమంగా" అన్నది ఎవరు తేలుస్తారు? లింకు డాక్యుమెంట్లు, అంటే స్థలం చేతులు మారిన పాత దస్తావేజులు అడగమనే నా మాట.

పుణె తెలుగు:
బ్రదర్, మా వైపు సీసీ అంటే కమెన్స్‌మెంట్ సర్టిఫికెట్. పని మొదలుపెట్టుకోవచ్చని కార్పొరేషన్ ఇచ్చేది. మహారాష్ట్రలో బిల్డర్లు, బ్యాంకులు అందరూ అలాగే అంటారు. ఆ అర్థంలో అయితే మీ క్లాజు పొసుగుతుంది.

మణికొండ మూడో అంతస్తు:
హైదరాబాద్‌లో సీసీ అంటే కంప్లీషనే. కమెన్స్‌మెంట్ అని ఇక్కడ ఎవరంటారు? అయినా ఇక్కడ చూడాల్సింది ఓసీ. అది లేకుండా దిగితే తర్వాత నీళ్ల కనెక్షన్ దగ్గర్నుంచి అన్నిటికీ తిరగాలి.

పుణె తెలుగు:
మీ దగ్గర అనరు సరే, ఈ డ్రాఫ్ట్ రాసినవాళ్లు ఎక్కడివాళ్లో తెలియాలి కదా.

కొత్తింటి వేట:
కంపెనీ ముంబైదే. ప్రాజెక్టు కొల్లూరు దగ్గర, పెద్ద టవర్లు 5. ఇంకా తవ్వకాల్లోనే ఉంది. ఇవన్నీ అవసరమా?

వకీలు, గుంటూరు:
అవసరమే బాబూ, ముందే చెప్పి ఉంటే ఇంత చర్చ ఉండేది కాదు. మీ డ్రాఫ్ట్‌లో ఈసీ అంటే దాదాపుగా ఎన్విరాన్‌మెంటల్ క్లియరెన్స్, పర్యావరణ అనుమతి. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, అంటే సుమారు 2 లక్షల 15 వేల చదరపు అడుగుల బిల్టప్ దాటిన ప్రాజెక్టుకి అది తప్పనిసరి. 5 టవర్లంటే దాటినట్టే. సీసీ సంగతి పుణె ఆయన చెప్పిందే అయ్యుండాలి, ముంబై ఫార్మాట్ దింపేశారు.

కానీ "అయ్యుండాలి" అన్న మాట మీద మీరు సంతకం పెట్టకూడదు. ఆ క్లాజులో గడియారం మొదలయ్యేదే ఆ రెండు పొట్టి మాటలతో. అర్థం రాయలేదు, తేదీ రాయలేదు. క్లియరెన్స్ రెండేళ్లు ఆలస్యమైతే మీ 42 నెలలూ రెండేళ్ల తర్వాతే మొదలవుతాయి. రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం 13వ సెక్షన్ ప్రకారం అగ్రిమెంట్‌లో అప్పగించే తేదీ ఉండాలి. 18వ సెక్షన్ కింద ఆలస్యానికి వడ్డీ గానీ, డబ్బు వాపసు గానీ అడగాలన్నా ఆ తేదీయే ఆధారం. అందుకని ఈసీ, సీసీలకు పూర్తి పేర్లు, ఇచ్చే సంస్థ పేరు రాయించండి. ఇప్పటికే వచ్చి ఉంటే నంబరు, తేదీ వేయించండి. స్వాధీనానికి క్యాలెండర్ తేదీ అడగండి. రెరా సైట్‌లో ప్రాజెక్టు నంబరు కొడితే బిల్డర్ ఎప్పటికి పూర్తిచేస్తానన్నాడో కనబడుతుంది, దానితో పోల్చండి. ఇంతకీ ఎంత కట్టారు?

కొత్తింటి వేట:
20 శాతం. బుకింగ్ ఆఫర్ అన్నారు.

వకీలు, గుంటూరు:
అగ్రిమెంట్ రిజిస్టర్ కాకుండా 10 శాతం మించి తీసుకోకూడదు. అదే 13వ సెక్షన్. ఈ మాట మెయిల్‌లో మర్యాదగా రాయండి. నోటిమాట వద్దు. క్లాజు మార్చడానికి వాళ్లే ముందుకొస్తారు.

మణికొండ మూడో అంతస్తు:
ఇంకోటి. పర్మిషన్ అప్పుడు బిల్టప్‌లో 10 శాతం మున్సిపాలిటీ వాళ్లకి తనఖా పెడతారు, ఓసీ వచ్చాకే విడిపిస్తారు. మీ ఫ్లాట్ నంబరు ఆ తనఖా లిస్టులో ఉందేమో చూసుకోండి. మా బిల్డింగ్‌లో ఇద్దరు అలా ఇరుక్కున్నారు.

చదరపు గజం:
యూడీఎస్ ఎన్ని గజాలో అంకెల్లో రాశారా? "దామాషా ప్రకారం" అని వదిలేస్తే ఒప్పుకోవద్దు.

పాత దస్తావేజు:
యూడీఎస్ కంటే ముందు డీజీపీఏ. ఓనర్లందరూ సంతకాలు పెట్టారా, మైనర్లు ఎవరైనా ఉన్నారా?

చదరపు గజం:
మళ్లీ మొదలా సార్.

కొత్తింటి వేట:
మెయిల్ పెట్టాను. లీగల్ టీమ్‌తో మాట్లాడి చెప్తామన్నారు, సంతకం వచ్చే వారానికి జరిగింది. వకీలు గారూ, పుణె బ్రదర్, థ్యాంక్సండీ. గజాలు అంకెల్లో లేవు, అది కూడా అడుగుతా.

పాత దస్తావేజు:
వాటా ఎవరిదో మాత్రం ఇంకా చెప్పలేదు.